వాత పెట్టాక మొదలయ్యే పని

అమెరికా ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్‌లో పగలు కురచవుతున్న శరదృతువులో మేకలు ఎదకు వస్తాయి. చూలు అయిదు నెలలు. అంటే ఈనేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, బయట ఇంకా మంచు పేరుకుని ఉండగానే. సానెన్, ఆల్పైన్, టోగెన్‌బర్గ్ వంటి పాలజాతుల పిల్లలకు కొమ్ములు పెరగకుండా వాటి మొగ్గలు కాల్చేది పుట్టిన వారం, పది రోజుల్లో. నెత్తిన రెండు కాలిన పుండ్లతో ఆ పసిప్రాణం గడపవలసినవి గడ్డకట్టించే రాత్రులు. ఆ చర్మాన్ని మాన్పడంలో అక్కడి పెంపకందార్లు చూపే నేర్పు నన్ను ఎంతగానో ఆకట్టుకుంది.

మన పల్లెల్లో సాధారణంగా మేక కొమ్ముల జోలికి ఎవరూ పోరు. వెర్మాంట్‌లో మాత్రం చలికాలమంతా మంద ఇరుకు కొట్టంలో ఉండాలి. ఒకదాన్నొకటి కుమ్ముకుంటే పొదుగులు చీరుకుపోతాయి, కొమ్ములు కంచెలో ఇరుక్కుంటాయి. పుట్టుకతోనే కొమ్ముల్లేని మేకల్ని పెంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ కొమ్ముల్ని లేకుండా చేసే ఆ జన్యులోపమే, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా సంక్రమిస్తే, ఆడపిల్లల్ని గొడ్డుపోయేలా చేస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2001లో దాని మూలాన్ని జన్యుపదార్థంలో పట్టుకున్నారు. అందుకే కాల్చే ఇనుము ఇంకా చేతిలోంచి దిగలేదు.

పుండు ఎలా మానుతుందన్నది కాల్చేటప్పుడే సగం తేలిపోతుంది. ముందు మొగ్గ చుట్టూ వెంట్రుకలు కత్తిరిస్తారు. ఇనుము కొనను చెక్కకు ఆనించి, తక్షణం నల్లటి వలయం పడితేనే వాడతారు. వేడి చాలకపోతే ఎక్కువసేపు అదిమిపట్టాలి. మేకపిల్ల పుర్రె దూడ పుర్రె కన్నా బాగా పలచన, ఆ వేడి మెదడు దాకా పోతుంది. అందుకే కొన్ని క్షణాలు పెట్టి, తీసి, చూసి, అవసరమైతే మళ్లీ పెడతారు. మొగ్గ చుట్టూ రాగిరంగు వలయం కనబడగానే ఆపేస్తారు. మత్తు ఇవ్వడంలోనూ జాగ్రత్త కావాలి. దూడకు కొమ్ముకొక నరాన్ని మొద్దుబారిస్తే చాలు, మేకకు రెండు. మూడు నాలుగు కిలోల ఒంటికి లిడోకేయిన్ అనే మత్తుమందు కాస్త ఎక్కువైనా విషమే కనుక, పశువైద్యులు దాన్ని పలచన చేసి, బరువు చూసి ఇస్తారు.

ఇక చలి సంగతి. కాల్చిన వెంటనే పుర్రెలోని వేడిని లాగేయడానికి గుడ్డలో చుట్టిన మంచుగడ్డను కాసేపు ఆనిస్తారు. ఆ మరుక్షణమే తల పొడిగా తుడుస్తారు. తడిసిన నెత్తి నుంచి ఒంటి వేడి ఇట్టే పోతుంది, పసిపిల్లకు నిల్వ కొవ్వు తక్కువ. తర్వాత గోరువెచ్చని పాలు పట్టిస్తారు. పాత స్వెట్టర్ చేతిని కత్తిరించి పిల్లకు చొక్కాలా తొడిగేవాళ్లున్నారు. ఒళ్లంతా కప్పినా పుండును మాత్రం కప్పరు. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి గాలి ఆడని చోటే పెరుగుతుంది. కట్టు కట్టినా, లేపనం మందంగా పూసినా దానికి చోటిచ్చినట్టే. పైగా జిడ్డు పూతకు గడ్డి దుమ్ము అంటుకుంటుంది. పలచగా అల్యూమినియం స్ప్రే కొడితే కొట్టారు, లేకపోతే లేదు. ధనుర్వాతం టీకా విషయంలో మాత్రం ఎవరూ ఉపేక్షించరు.

వెచ్చదనం కోసం దీపం వేలాడదీయడం కన్నా ఎండుగడ్డి మందంగా పరిచి, పిల్లల్ని గుంపుగా పడుకోనివ్వడమే మేలంటారు. దీపాలు కొట్టాలను తగలబెట్టిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కొట్టాన్ని బిగించి మూసేసినా ముప్పే: మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. నేల దగ్గర ఈదురుగాలి తగలకుండా, పైన గాలి ఆడేలా చూడటం ఎంత కష్టమో కొట్టం కట్టినవాళ్లకే తెలుస్తుంది. ఈ కాలంలో ఒక వరం ఉంది, ఈగలుండవు. ఎండాకాలంలో కాలిస్తే పుండులో పురుగు పడుతుందన్న భయం వెంటాడుతుంది.

ఆ తర్వాత చేయాల్సింది చెయ్యి పెట్టకపోవడం. నేను అన్నిటికన్నా మెచ్చుకునేది దీన్నే. నల్లటి పక్కు కొన్ని వారాలకు అంచుల్లో లేస్తుంది. గిల్లాలనిపిస్తుంది, గిల్లరు. పిల్లలు తలలు ఢీకొట్టుకుని పక్కు ఊడి నెత్తురు కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి వదిలేస్తారు. రోజూ చూపుతో, ముక్కుతో మాత్రం పరీక్షిస్తారు: వాపుందా, చీముందా, వాసనొస్తోందా, పాలకు పరుగెత్తుకొచ్చిందా, మూల నిలబడి గోడకు తల ఆనిస్తోందా. చివరిది కనబడితే పశువైద్యుడికి కబురు వెళ్తుంది.

చర్మం పూర్తిగా మూసుకోవడానికి సగటున 50 రోజులు పట్టిందని, అన్నాళ్లూ ఆ చోటు తాకితే నొప్పిగానే ఉందని 2019లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఒక్క పూట నొప్పిమందు ఇచ్చి మన బాధ్యత తీరిందనుకోవడం ఇక చెల్లదు. మేకలు పెంచేవారికి నా విన్నపం: మత్తు, నొప్పిమందు ఇవ్వగల వైద్యుడు పక్కన లేనిదే ఆ ఇనుము వేడి చేయకండి. చర్మం మూసుకునేదాకా రోజూ ఆ నెత్తి చూడండి.