ఎవరి పేరు మీద నడుస్తోంది? అపాచీ, ఎన్జిన్‌ఎక్స్ పక్కపక్కన

సైటు తెరిస్తే 403 వస్తుంది. లేదా ఫొటో అప్‌లోడ్ కాదు, ప్లగిన్ అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. సర్వర్ చూసేవాళ్లు చాలామంది వెంటనే ఆ ఫోల్డర్ మీద చ్‌మాడ్ 777 కొట్టేస్తారు. సైటు నడుస్తుంది, క్లయింటు ఫోన్లు ఆగుతాయి. అయితే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేశాక, అంతకుముందు ఎవరికి ఏ హక్కు లేక పని ఆగిందో ఇక తెలిసే దారి ఉండదు. ఈ ప్రాసెస్ ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది, ఆ యూజర్‌కు ఈ ఫైలుతో పనేమిటి అని ముందుగా అడగాలి. ఈ ప్రశ్నకు ఎక్కువగా వాడుకలో ఉన్న రెండు ఏర్పాట్లు రెండు రకాలుగా జవాబిస్తాయి. ఒకటి, పీహెచ్‌పీని తన లోపలే పెట్టుకుని నడిచే అపాచీ, అంటే మాడ్-పీహెచ్‌పీ పద్ధతి. రెండోది, ముందు ఎన్జిన్‌ఎక్స్, వెనక పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం. వీటి వేగాన్ని పోల్చినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను హక్కుల వైపు నుంచి చూస్తాను: ఏది కట్టుదిట్టంగా ఉంటుంది, చెడినప్పుడు ఏది త్వరగా దొరికిపోతుంది?

మొదలు రెంటికీ ఒకటే. యూనిక్స్ సంప్రదాయంలో 1024 కంటే తక్కువ నంబరు పోర్టులు రూట్‌వే. 80, 443 పట్టుకోవాలంటే ఎవరో ఒకరు రూట్‌గా లేవాలి. అపాచీలో తల్లి ప్రాసెస్ రూట్‌గా లేచి, పోర్టు పట్టుకుని, లాగ్ ఫైళ్లు తెరిచి, పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. ఆ పిల్లలు రూట్ హక్కు వదిలేస్తాయి. డెబియన్, ఉబుంటుల్లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌గా, రెడ్‌హ్యాట్‌లో అపాచీ అనే యూజర్‌గా మారాకే బయటివాళ్ల రిక్వెస్ట్‌ను ముట్టుకుంటాయి. ఎన్జిన్‌ఎక్స్‌లో మాస్టర్, వర్కర్ అని పేర్లు మారతాయి గాని వరస ఇదే. కాబట్టి ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండు కొడితే ఒక లైనులో రూట్ కనిపించిందని కంగారు పడక్కర్లేదు. వర్కర్ల లైన్లలో కూడా రూట్ కనిపిస్తే మాత్రం చేతిలో పని వదిలేసి దాని సంగతి చూడాలి.

మొదటి తేడా ఇక్కడే ఉంది. అపాచీ కాన్ఫిగరేషన్‌లో యూజర్ రూట్ అని రాస్తే అది లేవడానికే ఒప్పుకోదు. ఒప్పించాలంటే 'బిగ్ సెక్యూరిటీ హోల్' అని పేరు పెట్టిన ఫ్లాగ్‌తో సోర్స్ కోడ్‌ను మళ్లీ కంపైల్ చేసుకోవాలి. ఎఫ్‌పీఎం కూడా పూల్‌ను, అంటే తన పిల్ల ప్రాసెస్‌ల గుంపును, రూట్‌గా నడపమంటే, అందుకోసం ప్రత్యేకంగా ఉన్న ఆప్షన్ ఇస్తే తప్ప మొరాయిస్తుంది. ఎన్జిన్‌ఎక్స్ మాత్రం యూజర్ రూట్ అన్న లైనును మారుమాట లేకుండా అమలు చేస్తుంది. 'పర్మిషన్ డినైడ్' పోగొట్టడానికి ఎవరో ఒక అర్ధరాత్రి రాసిన ఆ లైను ఏళ్ల తరబడి అలాగే పడి ఉండొచ్చు, సైటు బాగా నడుస్తున్నందువల్ల ఎవరి కంటా పడదు కూడా. ఈ విషయంలో అపాచీ మొండితనమే మేలు.

అయితే అపాచీకి మెచ్చుకోలు ప్రస్తుతానికి ఇక్కడితో సరి. మాడ్-పీహెచ్‌పీలో పీహెచ్‌పీ కోడ్ అపాచీ పిల్ల ప్రాసెస్ లోపలే నడుస్తుంది గనుక దానికి వేరే గుర్తింపు లేదు. చిన్న ఏజెన్సీ ఒకటి నాలుగైదు వర్డ్‌ప్రెస్ సైట్లను ఒకే వీపీఎస్ మీద పెట్టిందనుకోండి. అన్నీ ఒకే యూజర్ పేరు మీద నడుస్తాయి. ఒక సైటులో పాత ప్లగిన్ ద్వారా దూరినవాడు పక్క సైటు కాన్ఫిగ్ ఫైలు తెరిచి డేటాబేస్ పాస్‌వర్డ్ చదివేయగలడు, ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్ లెక్కలో ఇద్దరూ ఒకరే. పీఎస్ చూసినా అంతే. అపాచీ2 కె స్టార్ట్ అన్న ఒకే మాట, ఒకే యూజర్ పేరు, ఇరవై లైన్లు. సీపీయూని తినేస్తున్నది ఏ సైటో ఆ లైన్లు చెప్పవు.

అపాచీ వాళ్లకు ఈ లోటు తెలియక కాదు. 1.2 వెర్షన్ నాటికే సూఎగ్జెక్ తెచ్చారు. ప్రోగ్రామ్‌ను దాని ఓనర్ పేరు మీదే నడపడం దాని పని. అంతకుముందు అది చేసే తనిఖీలు ఇరవై దాకా ఉంటాయి. ఫైలు ఓనర్, కాన్ఫిగరేషన్‌లో చెప్పిన యూజర్ ఒకరేనా? ఆ ఫైలులో, ఆ ఫోల్డర్‌లో ఇంకెవరైనా రాయగలరా? యూజర్ నంబరు మరీ చిన్నదా? ఒక్కటి తప్పినా పని ఆపేసి, ఎందుకు ఆపిందో తన సొంత లాగ్‌లో రాస్తుంది. 777 కొట్టిన ఫోల్డర్‌లో స్క్రిప్టును సూఎగ్జెక్ ఛస్తే నడపదు. ఇంత మంచి కాపలా సీజీఐకి, ఎస్ఎస్ఐకి మాత్రమే పనికొచ్చింది, మాడ్-పీహెచ్‌పీకి అందలేదు. ఆ ఖాళీ పూరించడానికి వచ్చిన ఎంపీఎం-ఐటీకే సైటుకో యూజర్‌ను ఇస్తుంది గాని, రిక్వెస్ట్ చదివి అది ఏ సైటుదో తేల్చేదాకా ప్రాసెస్ రూట్‌గానే ఉండాలి. బయటివాళ్లు పంపిన బైట్లను రూట్ చదవడం ఏ పద్ధతిలోనూ సమర్థించదగ్గది కాదు.

ఎఫ్‌పీఎం 2010లో 5.3.3 వెర్షన్‌తో పీహెచ్‌పీలో కలిసింది. అందులో సైటుకో పూల్ పెట్టుకోవచ్చు, పూల్‌కో యూజర్‌ను ఇవ్వొచ్చు. పీఎస్‌లో పూల్ పేరుతో సహా కనిపిస్తుంది. ఇంత సూటిగా ఉన్నా దీన్ని సరిచేయడం మొదట్లో ఎక్కువ కష్టం, ఎందుకంటే ఇక్కడ ఒక పేరు బదులు మూడు పేర్లుంటాయి: ఎన్జిన్‌ఎక్స్ వర్కర్ యూజర్, పూల్ యూజర్, ఫైళ్ల ఓనర్. వీటి మధ్య ఒక సాకెట్ ఫైలు, దానికీ సొంత ఓనర్, సొంత పర్మిషన్లు.

2014లో జరిగింది చూస్తే ఇది అర్థమవుతుంది. అప్పటిదాకా ఎఫ్‌పీఎం సాకెట్‌కు డిఫాల్ట్ పర్మిషన్ 0666, అంటే మెషీన్‌లో ఏ యూజరైనా దానికి కనెక్ట్ అయి పూల్ పేరు మీద కోడ్ నడిపించొచ్చు. భద్రతా లోపంగా గుర్తించి 5.4.28, 5.5.12 వెర్షన్లలో 0660 చేశారు. మార్పు సరైనదే. కానీ సాకెట్ ఓనర్ ఎవరో కాన్ఫిగరేషన్‌లో రాయని సర్వర్లలో, మామూలు అప్‌డేట్ తర్వాత ఎన్జిన్‌ఎక్స్ వర్కర్‌కు సాకెట్ తలుపు మూసుకుపోయి సైట్లు 502 చూపించాయి. ఎర్రర్ లాగ్‌లో సాకెట్ పేరు, పక్కన 13, పర్మిషన్ డినైడ్. చేయాల్సింది లిజన్ ఓనర్, లిజన్ గ్రూప్ అన్న రెండు లైన్లు రాయడం. దాని బదులు మోడ్‌ను మళ్లీ 0666 చేసుకున్నవాళ్లు మూసిన కన్నాన్ని తమ చేత్తో తెరుచుకున్నారు.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇంకో చిక్కు. అక్కడ ఎఫ్‌పీఎం డిఫాల్ట్ పూల్ యూజర్ పేరు అపాచీ, ముందున్నది ఎన్జిన్‌ఎక్స్ అయినా సరే. పేరు చూసి ఇది పొరపాటనుకుని పూల్ యూజర్‌ను ఎన్జిన్‌ఎక్స్‌గా మారుస్తారు. ఆ తర్వాత లాగిన్లు నిలవవు, ఎందుకంటే సెషన్ ఫోల్డర్ మీద రాసే హక్కు అపాచీ గ్రూపుకే ఉంది. అక్కడ పేరు వింతగా ఉంది తప్ప తప్పేమీ లేదు.

చెడినప్పుడు ఎవరు బాగా చెబుతారు? ఈ విషయంలో అపాచీకే మార్కులు. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ డైరెక్టరీల పర్మిషన్ 750 అయింది. హోమ్‌లో సైటు పెట్టుకునే అలవాటున్నవాళ్లకు 403 వచ్చింది. ఫైలు 644, ఫోల్డర్ 755, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పైన ఎక్కడో ఒక మెట్టు మూసుకుంది. అపాచీ తన లాగ్‌లో దారిలోని ఒక భాగం మీద సెర్చ్ పర్మిషన్ లేదని స్పష్టంగా రాస్తుంది. ఎన్జిన్‌ఎక్స్ ఫైలు పూర్తి దారి ఇచ్చి, 13 అని రాసి ఊరుకుంటుంది. అప్పుడు నేమీ అనే చిన్న కమాండుకు ఎల్ ఆప్షన్ ఇచ్చి ఆ దారి చూపిస్తే, మొదటి స్లాష్ నుంచి చివరి ఫైలు దాకా ఒక్కో మెట్టు ఓనర్‌నూ, పర్మిషన్‌నూ వరసగా చూపిస్తుంది. దీన్ని తెలిసినవాళ్లు తక్కువ, తెలిశాక మానినవాళ్లు కనబడరు. అన్ని మెట్లూ సరిగ్గా ఉండి కూడా రెడ్‌హ్యాట్ మీద అడ్డం పడుతుంటే ఎస్ఈలినక్స్ లేబుల్ చూడాలి. అపాచీ, ఎన్జిన్‌ఎక్స్ రెండూ అక్కడ ఒకే హెచ్‌టీటీపీడీ డొమైన్‌లో నడుస్తాయి గనుక ఈ విషయంలో వాటికి తేడా లేదు.

ఒక్కోసారి తప్పు వెబ్ సర్వర్‌ది కానే కాదు. రూట్ క్రాన్‌లో పెట్టిన లారావెల్ కమాండ్ రాత్రి మొదటిసారి లాగ్ ఫైలు సృష్టిస్తుంది, దాని ఓనర్ రూట్ అవుతాడు. పొద్దున పూల్ యూజర్ అదే ఫైలులో రాయబోయి 500 ఇస్తాడు. ఓనర్‌ను ఎన్నిసార్లు మార్చినా కొత్త ఫైలు పుట్టినప్పుడల్లా మళ్లీ అదే. ఆ క్రాన్‌ను పూల్ యూజర్ పేరు మీదికి మార్చేదాకా ఇది తెగదు.

వర్డ్‌ప్రెస్ ఎఫ్‌టీపీ వివరాలు అడిగే సంగతి కూడా ఈ పేర్ల లెక్కే. తాను కొత్తగా సృష్టించిన ఫైలు ఓనర్, తన కోడ్ ఫైలు ఓనర్ ఒకరు కాకపోతే అది నేరుగా రాయడానికి వెనకాడుతుంది. మాడ్-పీహెచ్‌పీ మీద ఇది తరచూ ఎదురవుతుంది. ఎఫ్‌పీఎంలో పూల్ యూజర్‌నే కోడ్ ఓనర్ చేస్తే ఆ ప్రశ్న మాయమవుతుంది. చాలా గైడ్లు అక్కడితో పని అయిందంటాయి. నేను ఒప్పుకోను. బయటి రిక్వెస్ట్‌కు జవాబిచ్చే యూజర్ తన కోడ్‌ను తానే తిరగరాయగలిగితే, దూరినవాడు కూడా రాయగలడు. కోడ్‌కు వేరే ఓనర్ ఉండాలి, పూల్ యూజర్‌కు అప్‌లోడ్స్, క్యాష్ ఫోల్డర్లలో మాత్రమే రాసే హక్కు ఉండాలి. అప్‌డేట్లు చేతితో నడపాల్సి వస్తుంది, ఆ శ్రమ పడాల్సిందే.

ఇంతవరకు చూసినదంతా పిల్ల ప్రాసెస్‌ల సంగతి. పైన కూర్చున్న రూట్ తల్లి మాటేమిటి? 2019లో బయటపడ్డ సీవీఈ-2019-0211 అనే భద్రతా లోపంలో, అపాచీ 2.4.17 నుంచి 2.4.38 దాకా, మాడ్-పీహెచ్‌పీ లాంటి దానిలో నడిచే స్క్రిప్టు కూడా స్కోర్‌బోర్డ్ అనే షేర్డ్ మెమరీని పాడుచేసి రూట్ కాగలిగేది. రోజూ లాగ్ తిప్పినప్పుడు జరిగే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ దానికి సరిపోయేది. దీంతో ఎఫ్‌పీఎం గెలిచిందనుకునే లోపు 2021లో సీవీఈ-2021-21703 వచ్చింది. అదీ స్కోర్‌బోర్డే, అదీ పిల్ల రాసిన మెమరీని రూట్ తల్లి నమ్మడమే. రెంటినీ కనిపెట్టింది ఒకే పరిశోధకుడు, షార్ల్ ఫోల్. ఎన్జిన్‌ఎక్స్ కూడా తప్పించుకోలేదు. 2016లో డెబియన్ ప్యాకేజీలో దాని లాగ్ ఫోల్డర్ వెబ్ యూజర్ చేతిలో ఉండేది. లాగ్ ఫైలు తీసేసి ఆ స్థానంలో సిమ్‌లింక్ పెడితే, రూట్ మాస్టర్ లాగ్ తిరిగి తెరిచే వేళ ఆ లింక్ చూపిన చోటికి పోయేది. యూజర్ పేరు మార్చుకున్నంత మాత్రాన సరిపోదు, రూట్ దేన్ని నమ్ముతోందో కూడా చూడాలని ఈ మూడూ చెబుతాయి. రూట్ లేకుండానే సర్వర్‌ను లేపే దారి ఇప్పుడు ఉంది. సిస్టమ్‌డీలో యూజర్ పేరు, తక్కువ పోర్టులు పట్టుకునే కేపబిలిటీ ఇస్తే చాలు. అప్పుడు ఎన్జిన్‌ఎక్స్ తన యూజర్ లైనును పట్టించుకోవడం లేదని ఒక హెచ్చరిక రాస్తుంది, దానికి భయపడక్కర్లేదు.

నా తీర్పు ఎన్జిన్‌ఎక్స్‌కు అనుకూలం కాదు, మాడ్-పీహెచ్‌పీకి వ్యతిరేకం. అపాచీ కూడా ఈవెంట్ ఎంపీఎంతో ఎఫ్‌పీఎంను వెనక పెట్టుకుని నడవగలదు. రెడ్‌హ్యాట్ 8లో అదే డిఫాల్ట్. అపాచీ స్పష్టమైన లాగ్, రూట్‌ను ఒప్పుకోని మొండితనం, వాటి వెనక సైటుకో పూల్: నేను చూసినంతలో ఈ జతే అన్నిటికంటే భద్రం. ఏది ఎంచుకున్నా, పర్మిషన్లు ముట్టుకునే ముందు వర్కర్ యూజర్, పూల్ యూజర్, ఫైలు ఓనర్ పేర్లు మూడూ కాగితం మీద రాసుకోండి. మీ సర్వర్‌లో ఇప్పటికే 777తో ఉన్న ఫోల్డర్లు ఏవో వెతికి, ఈ వారంలోనే వాటిని సరిచేయండి.