తిథి తెలియని క్యాలెండరు

మా తాత 2024 నవంబర్ 3న చనిపోయారు. దీపావళి అయిన మూడో రోజు, కార్తీక శుద్ధ విదియ. ఆ నెలలోనే నేను మా ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ తెరిచాను. లినక్స్‌తో పాటే వచ్చిన క్యాలెండర్‌లో ఆ తేదీ రాసి, "ప్రతి సంవత్సరం" అని పెట్టాను. ఇక మరిచిపోయే పని లేదు అనుకున్నాను.

2025లో నాన్న "తాత సంవత్సరీకం ఎప్పుడు రా?" అని అడిగితే, చూసి "నవంబర్ 3" అని గట్టిగా చెప్పేశాను. నాన్న ఆ రోజుకి సెలవు రాసిచ్చారు. దీపావళి మరునాడు అవ్వ గోడ మీది తెలుగు క్యాలెండరు చూసి, "విదియ ఎల్లుండే కదరా!" అంది. అక్టోబర్ 23. సెలవు మార్చుకోవడానికి టైము లేదు. నాన్న రాత్రి షిఫ్టు అడిగి తీసుకుని, పొద్దున నిద్ర లేకుండానే వచ్చి పీట మీద కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

తప్పు నాదే. క్యాలెండరు నేను చెప్పిందే చేసింది. కానీ నేను చెప్పాలనుకున్నది చెప్పడానికి అందులో చోటు ఉందా అని తర్వాత వెతికాను. ఆ వెతకడమే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. దానికి సుమారు 19 నుంచి 26 గంటలు పడుతుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే. అందుకే తాత తిథి 2025లో 11 రోజులు ముందుకు వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 19 రోజులు వెనక్కి వెళ్ళి నవంబర్ 11న వస్తుంది. అవ్వకి ఈ లెక్కలు తెలియవు, కానీ ఆమె ఎప్పుడూ తప్పలేదు.

ఇప్పుడు క్యాలెండర్ల సంగతి. గ్నోమ్ డెస్క్‌టాప్‌తో వచ్చే క్యాలెండర్ చూడడానికి శుభ్రంగా ఉంటుంది. చిన్న పిల్లలు కూడా వాడగలరు. కానీ ఒక పని మళ్ళీ ఎప్పుడు రావాలి అంటే రోజూ, వారానికి, నెలకి, ఏడాదికి అనే అడుగుతుంది. అన్నీ ఇంగ్లీషు తేదీల లెక్కే. కంప్యూటర్ భాష తెలుగులోకి మార్చితే జనవరి, ఫిబ్రవరి తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి. అక్షరాలు మనవి, లెక్క మాత్రం మనది కాదు.

కేడీఈ ప్లాస్మా కొంచెం మేలు. దాని క్యాలెండర్‌లో తేదీ పక్కన చైనా, ఇస్లామీ, యూదు క్యాలెండర్ల తేదీలు పెట్టుకోవచ్చు. భారత జాతీయ క్యాలెండరు కూడా ఉంది. అది చూసి సంతోషించాను. కానీ అది 1957 మార్చి 22న ప్రభుత్వం మొదలుపెట్టిన శక క్యాలెండరు. మేఘనాథ్ సాహా అధ్యక్షుడుగా ఉన్న కమిటీ సిఫారసు చేసింది. అందులో చైత్రం 1 మార్చి 22న, లీపు సంవత్సరంలో 21న వస్తుంది. మన ఉగాది 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. పేరు చైత్రమే, రోజు వేరు.

ఇది ఒక్క ప్రోగ్రాము లోపం కూడా కాదు. క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐక్యాలెండర్ అనే పద్ధతి ఉంది. అందులో ఇంగ్లీషు కాని క్యాలెండర్ల ప్రకారం పనులు తిరిగి వచ్చేలా 2015లోనే నియమం రాశారు. చైనా చాంద్రమాసం పేరు చెప్పి ఏటా రమ్మనవచ్చు. తెలుగు తిథి చెప్పడానికి ఆ జాబితాలో పేరే లేదు.

ప్రోగ్రాము రాసేవాళ్ళ కష్టం కూడా చెప్పాలి. తిథి పట్టుకోవాలంటే ఊరు కావాలి. పండగలకి ఎక్కువగా సూర్యోదయం నాటి తిథి చూస్తారు, తద్దినానికి అపరాహ్నంలో ఉన్న తిథి. దృక్ పంచాంగం, వాక్య పంచాంగం ఒక్కోసారి కలవవు. మా తిరువొత్తియూరులో ఒకే వీధిలో మేము ఉగాది చేస్తాం, పక్కింటి తమిళులు ఏప్రిల్ 14న సంవత్సరాది చేస్తారు. ఎవరి లెక్క పెట్టాలి? ఎవరిదీ పెట్టకపోవడం దానికి జవాబు కాదు. ఏ లెక్క కావాలో మనల్నే ఎంచుకోమంటే చాలు.

లినక్స్ ఎవరైనా తెరిచి మార్చగలిగిన సాఫ్ట్‌వేర్. డెబియన్ ఆధారంగా మన చెన్నై సీడాక్ వాళ్ళే భారతీయ భాషల కోసం 2007లో బాస్ లినక్స్ విడుదల చేశారు. మన ఊళ్ళో ఈ పని చేయగలిగినవాళ్ళు ఉన్నారు. పంచాంగం చూడడం తెలిసిన అవ్వలూ ఉన్నారు. ఇద్దరూ ఒక చోట కూర్చోవాలి, అంతే.

ఈ ఉగాదికి అవ్వ కొత్త పంచాంగం చదివింది, నేను టైపు చేశాను. ఇంట్లో అందరి తిథులూ ఒక్కొక్కటిగా, "ప్రతి సంవత్సరం" అనేది నొక్కకుండా పెట్టాను. తాతది నవంబర్ 11. నాన్న ఇప్పుడే సెలవు అడుగుతానన్నారు. మీ ఇంట్లో ఎవరైనా నాలాగే తేదీ పెట్టి ఉంటే, ఒకసారి గోడ మీది క్యాలెండరుతో సరిచూడండి.