ఆరు పుటల టీ

శాస్త్రజ్ఞులు నవ్వరాదన్న నియమమేదియు లేదు. అమెరికాలో మార్క్ ఏబ్రహామ్స్ 1991లో నెలకొల్పిన ఇగ్ నోబెల్ బహుమానములే ఇందుకు సాక్ష్యము. మొదట నవ్వించి పిమ్మట ఆలోచింపజేయుట వాని ఆశయము. ఆశయము మెచ్చదగినదే, అది ప్రతి పర్యాయమును నెరవేరుచున్నదా?

1999లో సాహిత్య బహుమానము బ్రిటిష్ ప్రమాణముల సంస్థకు దక్కెను. కప్పు టీ సరిగా కాచు విధానమును ఆరు పుటలలో నిర్దేశించినందుకట! తెల్లని పింగాణి పాత్ర, 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషముల కాలము. వంటింటి పనికి కచేరీ దస్తరము జోడించినట్లున్నది గనుక నవ్వు రాక మానదు.

కాని ఆ ప్రశంసలోనే ఒక లోపము కలదు. ఆ ప్రమాణము ఇంటింటికి రుచిగల టీని నేర్పుటకు పుట్టినది కాదు. రెండు తోటల ఆకులను నాలుకతో పోల్చి చూచుటకు పుట్టినది. ఒక ఆకు 3 నిమిషములు, మరియొకటి 6 నిమిషములు నానినచో, ఎక్కువసేపు నానినదానిలో వగరు హెచ్చును. అప్పుడు తెలిసినది ఆకు భేదమా, కాలభేదమా? ఆకు తప్ప తక్కినవన్నియు ఒక్కతీరుగ నుండవలెను. ఈ కారణము చెప్పనందున నవ్వు మిగిలినది, ఆలోచన జారిపోయినది.

ఇది చిన్న సంగతి కాదు. హైదరాబాదు ఉత్తరపు అంచున గాజులరామారమును తీసికొందము. అచటి టీకొట్టులో పాలు, ఆకు ఎంతసేపు మరుగవలెనో చేతివాటమే చెప్పును; ఎవరికిని నష్టము లేదు. ప్రక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడలో మందుల కర్మాగారములు కలవు. మాత్ర ఎంతసేపటికి కరుగునో పరీక్షించుటకు ద్రవమెంత, వేడిమి యెంత, కలుపు వేగమెంత అని ముందే వ్రాసియుంచెదరు. టీ కాగితమునకు ఇది తోబుట్టువే. ఇచట చేతివాటమును నమ్మినచో నష్టపడువాడు రోగి.

2012 నాటి సాహిత్య బహుమానము గురి తప్పలేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము, నివేదికల ఖర్చును అంచనావేయు ప్రయత్నములు ఎంత ఫలించినవో కొలువవలెనని మరియొక నివేదిక వెలువరించెను. కాగితము కాగితమునే కనుచున్నదని చదువరికి వెంటనే బోధపడును. ఇచట హాస్యములోనే విమర్శ యిమిడియున్నది.

ఇట్టి వినోదములను తెలుగులో తిరిగి చెప్పు రచయితలు ఒక్క వాక్యము చేర్చిన చాలును: ఆ పని ఎందుకు చేసిరి? జవాబు విన్న పిమ్మట కూడ నవ్వు వచ్చినచో, నిశ్చింతగా నవ్వవచ్చును.