ముక్క ముక్కా ఎత్తి రాసిన చేతులు
16వ శతాబ్దంలో జర్మనీ ప్రొటెస్టెంట్లు తెచ్చిన చర్చి చరిత్ర ‘మాగ్డెబర్గ్ శతాబ్దాలు’ తలచుకుంటే, నాకు ముందుగా మొక్కాలనిపించేది పాత గ్రంథాలు చదివి ముక్కలు ఎత్తి రాసిన కుర్రాళ్లకే. పథకం మత్తియాస్ ఫ్లాకియుస్‌ది. రాతప్రతుల కోసం ఊళ్లు తిరిగింది మార్కుస్ వాగ్నర్. దొరికిన ప్రతి ముక్కా ఏ శతాబ్దానిదో, ఏ శీర్షిక కిందికి వస్తుందో తేల్చాలి: సిద్ధాంతమా, ఆరాధన పద్ధతా, హతసాక్షుల కథా? ఒకే బిషప్పు ఉత్తరంలో ఒక పేరా బాప్తిస్మం గురించి, తర్వాతిది ఉపవాసాల గురించి ఉంటే రెండు చోట్లకూ పంచాల్సిందే. ఎంత ఓపిక!

1559–1574 మధ్య బాసెల్‌లో 13 సంపుటాలు అచ్చయ్యాయి. పోప్ అధికారంపై పోరుకే రాశారు, నిజమే. కానీ ఆధారాలు ముందు పెట్టి వాదించారు. అందుకే రోమ్‌లో కాథలిక్ చరిత్రకారుడు బరోనియుస్ కూడా ఆధారాలతోనే, ఏడాది వారీగా, 12 సంపుటాల జవాబు రాయాల్సి వచ్చింది.