వెనక సీటు కాళ్లకు చోటు

స్కూటరుకు పక్క చక్రాలు బిగించిన బండి మీద వెనక కూర్చునే మనిషి కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. మావారికి పసితనంలోనే పోలియో వచ్చి కుడికాలు సన్నబడింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన బండి మీద వెనక సీటు నాది. బెజవాడ సందుల్లో, ఏలూరు రోడ్డు మీద, ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి దాకా ఆ సీటు మీదే తిరిగాను. బండిని ఆయనకు అనువుగా మార్చడానికి ఎందరో బుర్రపెట్టి పనిచేశారు. ఎక్కి దిగడానికి పట్టు ఎక్కడుండాలి, ఊతకర్ర ఎటువైపు తగిలించాలి, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టకుండా బండి దానంతటదే ఎలా నిలబడాలి, అన్నీ ఆలోచించారు. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. కానీ వెనక కూర్చునే మనిషిని ఒకసారి ఎక్కించి, కాళ్లు ఎటు పోతున్నాయో చూసినవాళ్లు అరుదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అంతకుముందు పోలియో బారిన పడినవాళ్లలో చాలామంది ఇప్పుడు నడివయసులో ఉన్నారు. వాళ్ల బళ్ల వెనక కూర్చునే భార్యలకూ, భర్తలకూ మోకాళ్లు పట్టేసే వయసు వచ్చింది. అమ్మానాన్నలను ఆసుపత్రికి తీసుకెళ్లేదీ ఆ బండి మీదే. ప్రభుత్వాలు ఉచితంగా ఇచ్చే బళ్లు కూడా రోడ్ల మీద కనబడుతున్నాయి. జనం వీటిని మూడు చక్రాల బళ్లంటారు. కొన్నింటికి వెనక చక్రం తీసేసి రెండు చక్రాల ఇరుసు వేస్తారు. మా బండి లాంటివాటికి అసలు చక్రం అలాగే ఉంచి, ఇరువైపులా చిన్న చక్రాలు స్ప్రింగులతో బిగిస్తారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. చీర కట్టుకున్న నేను ఎడమవైపు తిరిగి, ఒకే పక్కకు కాళ్లు వేసి కూర్చుంటాను. నా పాదాలు దిగే చోటికి సరిగ్గా ఎడమ పక్క చక్రం మడ్‌గార్డు అడ్డం వస్తుంది. మామూలు స్కూటరుకు పెట్టించుకునే లేడీస్ ఫుట్‌రెస్ట్ అక్కడ పట్టదు. దాన్ని ముందుకు జరిపితే నడుము మెలి తిరుగుతుంది. పైకి లేపితే మోకాళ్లు పొట్టకు తగులుతాయి. చాలామంది ఆడవాళ్లు చివరికి మడ్‌గార్డు మీదే పాదం పెడతారు. అది పల్చని రేకు. మనిషి బరువు ఆనడానికి చేసింది కాదు. నాలుగు నెలలు తిరగకముందే వంగి టైరుకు రాసుకుంటుంది.

కాళ్లకు ఆనుడు లేకపోతే రెండు చక్రాల బండి మీద కంటే దీని మీదే ఎక్కువ ప్రమాదం. దీనికి కారణం మెకానిక్కులకే చాలామందికి చెప్పాల్సి వచ్చింది. మోటార్ సైకిల్ మలుపులో లోపలికి ఒరుగుతుంది. దాంతో పాటే మనమూ ఒరుగుతాం, కాబట్టి ఒంటి మీద పడే తోపు నిటారుగా సీటులోకే దిగుతుంది. పక్క చక్రాలున్న బండి ఒరగదు, నిలువుగా ఉండే తిరుగుతుంది. అందుకని మనిషి మలుపుకు బయటివైపు విసురుగా తూలుతాడు. బండి కుడికి తిరిగితే నేను ఎడమకు తూలాలి. ఎడమవైపు తిరిగి కూర్చున్న నాకు ఎడమంటే నా ముందరి వైపే, అంటే రోడ్డు మీదికి. బెంజి సర్కిల్ దగ్గర కుడికి తిరిగిన ప్రతిసారీ నన్ను సీటు మీద నిలిపేవి నా పాదాలే. ఒక చెయ్యి సీటు వెనక పిడి పట్టుకుంటుంది. మిగతా పనంతా అరికాళ్లు చెయ్యాలి. ఎవరైనా ఫుట్‌రెస్టును విలాసం అన్నప్పుడు నాకు కోపం వచ్చేది ఇందుకే.

అమెరికా వాళ్ల పెద్ద మూడు చక్రాల మోటార్ సైకిళ్లు ఈ విషయంలో మనకు పాఠం చెబుతాయి. హార్లే డేవిడ్‌సన్ 2009 మోడల్‌గా తెచ్చిన ట్రై గ్లైడ్‌లో వెనక మనిషికి సన్నటి కడ్డీలు కాకుండా, పాదం పరుచుకునే వెడల్పాటి ఫుట్‌బోర్డులు ఉంటాయి. ఆ బండీ మలుపులో ఒరగదు. మన బళ్లు వాటిలో పదోవంతు ధర కూడా చెయ్యవు. అయినా పాదం కింద ఒక పలక అన్న ఆలోచనకు ధరతో పని లేదు.

చివరికి నా పలక ఆటోనగర్‌లో తయారైంది. అది చేసిన మేస్త్రి మొదటి రోజు వెల్డింగ్ మెషీన్ ముట్టుకోలేదు. "అమ్మా, మీరు కూర్చోండి. సారు కూడా కూర్చోవాలి. ఇద్దరి బరువూ పడి స్ప్రింగు దిగాక తీసిందే కొలత" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు అతని మీద గురి కుదిరింది. ఖాళీ బండి మీద కొలత తీస్తే, మనుషులెక్కాక సీటూ పలకా కలిసే దిగుతాయి గానీ నేలకున్న ఎడం తగ్గిపోతుంది, స్పీడ్ బ్రేకరు పలకకు తగులుతుంది. అతను నా పాదాల కింద చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయాడు. ఒక పలక ఎక్కువైతే తొడలు సీటు మీంచి లేచి, బరువంతా తోక ఎముక మీద పడింది. ఒకటి తీసేస్తే సీటు అంచు తొడ కింద కోసుకుంది. కాళ్లు తిమ్మిరెక్కేది ఈ అంచు వల్లనే, అక్కడ నరాలూ రక్తనాళాలూ నొక్కుకుపోతాయి. మోకాలికి కాస్త ఇవతల, తొడకూ సీటుకూ మధ్య అరచెయ్యి బిగువు లేకుండా దూరినప్పుడు ఎత్తు కుదిరినట్టు. అక్కడ సుద్దముక్కతో బాడీ మీద గీత గీశాడు. అంతటితో దిగనివ్వలేదు. మంగళగిరి దాకా వెళ్లే మనిషికి ఒక్క నిమిషం కూర్చుని "బాగుంది" అంటే సరిపోదని, టీ తెప్పించి, తాగేదాకా అలాగే కూర్చోబెట్టాడు. అప్పుడు తెలిసింది, ఎడమ మడమ కింద ఇంకొంచెం ఎత్తు కావాలని.

తరవాతి ప్రశ్న, ఆ పలకను దేనికి బిగించాలి? ఈ పని చేయించుకోబోయే వాళ్లు ముఖ్యంగా చూసుకోవలసింది ఇదే. కంటికి అనువుగా కనబడేది పక్క చక్రాన్ని పట్టుకున్న ఇనప చట్రం. గట్టిగా ఉంటుంది, బయటికే ఉంటుంది, రెండు నిమిషాల్లో వెల్డింగ్ అయిపోతుంది. కానీ చక్రం గుంటలో పడ్డప్పుడల్లా ఆ చట్రం పైకీ కిందికీ ఆడుతుంది. దానికి పలక అంటిస్తే రోడ్డు మీది ప్రతి దెబ్బా నేరుగా మడమలోకి, అక్కణ్ణించి మోకాలిలోకి వస్తుంది. సీటు ఒకలా ఊగితే పలక ఇంకోలా ఊగుతుంది. కాళ్లు ఒక బండి మీద, ఒళ్లు ఇంకో బండి మీద ఉన్నట్టుంటుంది. పలక ఎప్పుడూ సీటున్న ఛాసిస్‌కే బిగించాలి. అదీ వెల్డింగ్‌తో కాదు. సీటు కింద పెట్రోలు ట్యాంకు, పక్కనే వైర్లు. పైగా వెల్డింగ్ వేడికి ఛాసిస్ పైపు ఆ చోట బలం కోల్పోవచ్చు. మా మేస్త్రి పలకనూ దాని కాళ్లనూ విడిగా బల్ల మీద వెల్డింగ్ చేసి, ఛాసిస్ పైపుకు రెండు యు క్లాంపులతో బిగించాడు. అదురుకు వదులు కాకుండా లోపల నైలాన్ ఉన్న నట్లు వాడాడు.

బరువు లెక్కలో కూడా అతను నా కంటే ముందున్నాడు. కూర్చున్నప్పుడు పలక మీద పడేది కాళ్ల బరువే. ఎక్కేటప్పుడు మాత్రం ఒంటికాలి మీద ఒళ్లంతా మోపుతాం, అదీ పలక బయటి అంచు మీద. అంచు బోల్టుకు ఎంత దూరముంటే విరుపు అంత ఎక్కువ. అందుకని పలక కింద ఐమూలగా ఒక ఊత పైపు పెట్టాడు. పలక బండి పొడవునా ఓ అడుగు ఉంటుంది, బయటికి అరడుగు. చెప్పు జారకుండా బయటి అంచున వేలెడంత గోడ లేపాడు, వాన నీళ్లు నిలవకుండా చిల్లులు వేశాడు, మీద రబ్బరు పరిచాడు. గీతల రేకు చాలదా అంటే, తడిసిన హవాయి చెప్పుకు రబ్బరే పట్టు అన్నాడు. నిజమే.

చీర కుచ్చెళ్ల సంగతి వేరే చెప్పాలి. వెనక మనిషిని ఎక్కించుకునే మోటార్ సైకిల్‌కు పట్టుకునే పిడి, ఫుట్‌రెస్ట్, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. బట్టలు చక్రంలో పడకుండా ఉండాలనే ఆ కప్పు. చీరలూ చున్నీలూ చక్రంలో చిక్కుకుని ఎన్ని ప్రాణాలు పోయాయో మనకు తెలియనిది కాదు. పక్క చక్రాలు వచ్చాక కొంగుకు దగ్గరగా ఇంకో చక్రం తిరుగుతూ ఉంటుంది. పైన మడ్‌గార్డు ఉన్నా, లోపలి పక్క చువ్వలు తెరిచే ఉంటాయి. మా పలక వెనక అంచు నుంచి మడ్‌గార్డు దాకా ఒక జాలీ రేకు అడ్డం పెట్టించాం. నా ఉద్దేశంలో ఫుట్‌రెస్ట్ పని ఆ జాలీ బిగించాకే పూర్తయినట్టు.

వెనక కూర్చునే మనిషికే వైకల్యం ఉంటే కొలతతో పాటు ఆలోచన కూడా మారాలి. పోలియో కాలికి కండబలం పోతుంది గానీ స్పర్శ పోదు. ఆ కాలు పలక మీంచి జారితే జారినట్టు మనిషికి తెలుస్తుంది, ఎత్తి పెట్టుకోవడమే కష్టం. మడమ వెనక చిన్న గోడ, పాదం మీద ఒక పట్టీ చాలు. ఆ పట్టీ కూడా బకిల్‌తో బిగించేది కాకూడదు, బండి పడితే గుంజగానే ఊడొచ్చే వెల్క్రో కావాలి. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయినవాళ్ల సంగతి ఇంతకంటే కష్టం. పిక్క సైలెన్సరుకు తగిలి కాలుతున్నా, బోల్టు తల చర్మాన్ని ఒరిపిడి పెడుతున్నా వాళ్లకు తెలియదు. ఇంటికెళ్లాక పుండు చూసుకుంటారు. అది మానడానికి నెలలు పడుతుంది. వాళ్లకు పలక మెత్తగా, అంచులు గుండ్రంగా, సైలెన్సరు వైపు అడ్డు గట్టిగా ఉండాలి. పక్క చక్రాలు బిగించే వర్క్‌షాపులవాళ్లకూ, ఉచిత బళ్లకు స్పెసిఫికేషన్లు రాసే అధికారులకూ నా విన్నపం ఒకటే. బండి నడిపే మనిషితో పాటు ఆయన వెనక రోజూ ఎక్కేదెవరో కూడా అడగండి. అడిగి, కూర్చోబెట్టి కొలవండి.

ఇప్పుడు మా ఇంట్లో పని అత్తగారి వంతుకు వచ్చింది. ఆవిడ పాదం నా పలక ఎత్తుకు లేవడం లేదు. పలక కింద ఇంకో మెట్టు కావాలి, బండి కదిలే ముందు మడిచెయ్యాలి. మడతబందు పెడితే అదురుకు వదులవుతుందేమోనని మేస్త్రికి అనుమానం, మడవకపోతే స్పీడ్ బ్రేకరుకు తగులుతుందని మావారి అనుమానం. లాగి వదిలితే చీల దిగి బిగుసుకునే స్ప్రింగు గొళ్లెం ఒకటి ఆటో డోర్లకు వాడతారట, దాన్ని పెట్టి చూద్దామంటున్నాడు మేస్త్రి. ఆదివారం అత్తగారిని తీసుకుని ఆటోనగర్ వెళ్తున్నాం.