అడుగుల లెక్క

ఆత్మకూరు దాటి ఉదయగిరి చేరేసరికి ఎదురుగా దుర్గం కొండ. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. ఆ ఊళ్లోనే 1931లో సినీదర్శకుడు సింగీతం శ్రీనివాసరావు పుట్టారు. కోట గురించి పిల్లలకు బడిలో చెబుతాం. సింగీతం గురించీ, ఆయన చేతికొచ్చిన విద్య గురించీ కూడా చెప్పాలని నా కోరిక.

ఆ విద్య వెనక యుద్ధకాలపు కరువుంది. రెండో ప్రపంచయుద్ధంలో ముడిఫిల్ము దొరక్క, కథాచిత్రం 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. నిమిషానికి తొంభై అడుగుల లెక్కన రెండు గంటల పైచిలుకు, అంతే. పాటలూ పద్యాలతో తీరుబడిగా సాగే తెలుగు సినిమాకు అది గట్టి దెబ్బే. దర్శకుడు కె.వి.రెడ్డి తొలిచిత్రం ‘భక్త పోతన’ విడుదలైంది ఆ యుద్ధం రోజుల్లోనే, 1943లో.

తర్వాత కట్టడి పోయింది కానీ కె.వి. దగ్గర లెక్క పోలేదు. సీను కాగితం మీద ఖాయమయ్యాక, నటులు పలికే వేగంలోనే మాటలు చదివించి, స్టాప్‌వాచ్ నొక్కి సెకన్లు రాసుకునేవారు. సెకనుకు అడుగున్నర ఫిల్ము. ఒక సంభాషణలో పది సెకన్లు తగ్గాయంటే పదిహేను అడుగులు మిగిలినట్టు. అలా షూటింగుకు ముందే సినిమా నిడివి తేలిపోయేది. ‘మాయాబజార్’ (1957) మూడు గంటలు దాటినా ఎక్కడా సాగదు. దానికి సహాయదర్శకుడిగా పనిచేస్తూ సింగీతం ఈ లెక్క ఒంటబట్టించుకున్నారు.

ఇలాంటి పనితనాన్ని గుర్తించే ఏర్పాటూ ఆ కాలంలోనే వచ్చింది. ఎస్.కె.పాటిల్ కమిటీ సినీపరిశ్రమ స్థితిగతులు పరిశీలించి 1951లో నివేదిక ఇచ్చింది. 1954లో కేంద్రప్రభుత్వ చలనచిత్ర అవార్డులు మొదలయ్యాయి. బంగారు పతకం మరాఠీ ‘శ్యామ్‌చీ ఆయీ’కి వెళ్లింది. మరుసటి ఏడాది అవార్డుల్లో కె.వి. ‘పెద్దమనుషులు’కు రాష్ట్రపతి వెండి పతకం, ఆ పై ఏడాది బి.ఎన్.రెడ్డి ‘బంగారు పాప’కు. బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో ప్రాంతీయ కమిటీలు చూసి పంపినవాటిని ఢిల్లీలో కేంద్ర కమిటీ మళ్లీ చూసేది. అన్నిటికన్నా నాకు నచ్చేది ఒకటుంది. 1967 చిత్రాల దాకా నటీనటులకు విడిగా అవార్డే లేదు. మెప్పంతా సినిమాకే.

ఆ మెప్పుకు ఎంత బలముందో ‘సంస్కార’ చూపించింది. నెల్లూరు కవి పఠాభి కన్నడంలో తీసిన ఆ చిత్రానికి సింగీతం కూడా పనిచేశారు. సెన్సారు మొదట విడుదలే కాకూడదంది. అదే చిత్రం 1970కి దేశంలో ఉత్తమచిత్రమైంది. తర్వాత సింగీతం తమిళంలో రాజాజీ కథతో తీసిన ‘దిక్కట్ర పార్వతి’కి ఉత్తమ తమిళ చిత్రం అవార్డు. ఆయన ‘మయూరి’కి రాష్ట్రప్రభుత్వ నంది అవార్డులు పద్నాలుగు.

సింగీతం తీసిన ‘పుష్పక విమానం’ (1987)లో మాటలే లేవు, కాబట్టి ఆ అడుగుల లెక్కకు అదే అసలు పరీక్ష. సినిమాహాలు పక్క గదిలో ఆ రొదకు అలవాటుపడ్డ కుర్రవాడికి పెద్ద హోటలు పరుపు మీద నిద్ర పట్టదు. పాత గది దగ్గరికి వెళ్లి ఆ రొదంతా టేపులో పట్టి తెచ్చుకుని, అది వింటూ నిద్రపోతాడు. పేదరికం, ఆశ, అలవాటు మూడూ అందులో ఉన్నాయి. ఒక్క షాటు ఎక్కువైనా నవ్వు చెదిరిపోయేది. ఈ చిత్రానికీ జాతీయ అవార్డు దక్కింది.

1964 చిత్రాలతో మొదలైన నందులు 2016 చిత్రాల తర్వాత ఆగిపోయాయి. తెలంగాణ 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా నందులను మళ్లీ మొదలుపెట్టాలి. చిన్న ఊరి నుంచి వచ్చి, పెద్ద హీరో లేకుండా ఒళ్లు వంచి తీసిన సినిమాను వసూళ్ల ఊసెత్తకుండా చివరిదాకా కూర్చుని చూసేవాళ్లు ఒక కమిటీగానైనా ఉండాలి కదా.