బొంత, సషికో: ఒకే కుట్టు, రెండు లెక్కలు

సూది పట్టిన పిల్లకు మొదట వచ్చేది పరుగు కుట్టు. సూది బట్టలోకి దిగుతుంది, పైకి లేస్తుంది. అంతకు మించి అందులో నేర్వవలసిన విద్య ఉన్నట్టు కనిపించదు. అంత చిన్న కుట్టును ఆధారం చేసుకుని, ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు దేశాల ఆడవాళ్లు రెండు నిండైన సంప్రదాయాలను నిలబెట్టారు. ఒకటి మన బొంత. రెండోది జపాన్ వారి సషికో, దానితో కలిసి పెరిగిన అతుకుల బట్ట బోరో. బొంత గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పేదేముంది? మనలో చాలామందిని పుట్టగానే పడుకోబెట్టింది దాని మీదే. సషికో మాత్రం ఇప్పుడిప్పుడే మన నగరాల్లో చిరిగిన జీన్సు మోకాళ్ల మీద, దిండు గలీబుల మీద, చేతిసంచుల మీద కనిపిస్తోంది. ఇంట్లో ఏదైనా చేతిపని మొదలుపెట్టాలనుకునేవారు ఈ రెంటినీ పక్కపక్కన పరుచుకుని చూడాలని నా కోరిక. రెండూ పాతబట్టను పారేయని ఇళ్లలోనే పుట్టాయి. అయితే సషికో లెక్కను నమ్ముకుంది, బొంత చేతిని నమ్ముకుంది.

ముందు మన ఇల్లు. మెత్తబడిన నూలు చీరలు, నాన్న పాత పంచెలు, చిరిగిన దుప్పటి పోగుచేసి, ఉతికి ఎండబెడతారు. అన్నిటికన్నా పాతవి లోపల పొరలవుతాయి. ఇంకా రంగు నిలిచిన చీర పైకి వస్తుంది. నాలుగు అంచులూ లాగి, ముడత లేకుండా అరచేత్తో సవరించి, పొరలు జారకుండా అక్కడక్కడా టాకాలు వేసి, దబ్బనంతోనో పెద్ద సూదితోనో అంచు నుంచి కుట్టుకుంటూ పోతారు. గీత గీసుకోవడం ఉండదు. మొదటి వరస అంచును పట్టుకుని నడుస్తుంది, రెండో వరస మొదటిదాన్ని చూసుకుని నడుస్తుంది. మధ్యకు చేరేసరికి వరసలు కొంచెం వంగుతాయి. ఆ వంపును ఎవరూ తప్పనరు.

ఇక అక్కడి ఇల్లు. జపాన్ ప్రధాన ద్వీపం ఉత్తర కొసన ఆమొరి ప్రాంతం ఉంది. అక్కడి చలికి పత్తి పండదు. రైతులు తమ పొలంలో పండే హెంప్ మొక్క నారతో నేసిన బట్టే కట్టేవారు. దాని నేత పలచన, చలిగాలి ఆగదు. దానికి తోడు 1724లో ఆ ప్రాంతాన్ని ఏలిన త్సుగరు సంస్థానం పొదుపు పేరుతో రైతులు నూలుబట్టలు కట్టరాదని ఆంక్ష పెట్టింది. నూలు వారికి చేరిందంటే దక్షిణం నుంచి సముద్రం మీద వచ్చే వర్తకుల నౌకల్లో, పట్టణవాసులు వాడి వదిలేసిన పాతగుడ్డల రూపంలో చేరింది. ఆ పీలికలను కొనుక్కుని, నారబట్ట మీద అతికి, సందులు పూడేలా దారంతో కుట్టుకున్నారు. మూడు చిన్న చిక్కుడు గింజలు చుట్టడానికి చాలినంత గుడ్డ ఉంటే పారేయకూడదని అక్కడి పెద్దల మాట. అలా అతుకు మీద అతుకు పడి మందమైనది బోరో. బట్టను బలపరచడానికి వేసిన వరస కుట్టు సషికో.

పేదరికం రెండు చోట్లా ఉంది, కానీ దేని కొరత అన్నది వేరు. మన నేల పత్తి నేల. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ పత్తి చేలు, పొందూరు నూలు మన కథలో అతి సహజమైన భాగం. ఇక్కడ బీద ఇంట్లో కూడా చీర నూలుచీరే. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, చివరికి చర్మానికి హాయిగా తగిలేంత మెత్తబడ్డాకే అది బొంతకు వస్తుంది. కనుక బొంత వాడి వాడి మిగిలిన నూలుతో చేసినది. బోరో దొరకని నూలును పీలిక పీలికగా కూడబెట్టి చేసినది. మన కుట్టు ఉన్న పొరలను కలిపి ఉంచడానికి పుట్టింది. వారి కుట్టు లేని పొరను సృష్టించడానికి పుట్టింది. ఒకే కుట్టుకు ఇంత భిన్నమైన బాధ్యతలు పడ్డాయి.

అయినా ఒక విషయంలో ఇద్దరిదీ ఒకే అదృష్టం. చీరను కత్తిరించరు. మగ్గం మీద నుంచి ఎలా దిగిందో అలాగే కడతారు. అలాగే జపాన్ వారు తొడుక్కునే కిమోనోను కూడా వంపుగా కత్తిరించరు. సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న బట్టను నిలువు పట్టీలుగా కోసి, తిన్నగా కలిపి కుడతారు. విప్పితే మళ్లీ పట్టీలే చేతికొస్తాయి. రెండు సంస్కృతుల్లోనూ పాతబట్ట మూలలు తిన్నగా ఉన్న గుడ్డగానే తిరిగి వచ్చింది కాబట్టే దానికి రెండో జన్మ అంత సులువైంది. నేటి చొక్కాను, చుడీదారును విప్పి చూస్తే ఈ మాట తెలుస్తుంది. చంకలు, మెడలు, వంపులు పోగా పనికొచ్చే ముక్క ఎంతో మిగలదు.

అయితే కొలత ఒకటి కాదు. చీర వెడల్పు మీటరుకు పైమాటే, పొడవు ఐదున్నర మీటర్లు, పాతకాలపు ఎనిమిది గజాల చీరైతే ఇంకా ఎక్కువ. దాన్ని మడిస్తే మంచమంత పొర చిక్కుతుంది. అందుకే బొంత విశాలంగా ఆలోచిస్తుంది. అంచును అంచుగా, కొంగును కొంగుగా ఉంచి, చీర అందాన్ని చెదరగొట్టకుండా వాడుకుంటుంది. జపాన్ పీలిక జానెడు కూడా ఉండకపోవచ్చు. అందుకే బోరో ముక్కల్లో ఆలోచిస్తుంది. ముదురు నీలి పక్కన లేత నీలి, దాని పక్కన గళ్ల గుడ్డ. ఈరోజు చూసేవారికి ఆధునిక చిత్రంలా తోచే ఆ కూర్పును ఎవరూ చిత్రమనుకుని చేయలేదు. చిరిగిన చోట చేతికందిన ముక్క వేశారు, అంతే. రెండింటి రూపాన్నీ మొదట నిర్ణయించింది మగ్గం వెడల్పు. కుట్టేవారి అభిరుచి ఆ తర్వాతే వచ్చింది.

కుట్టే కాలం చూసినా పోలికా తేడా రెండూ దొరుకుతాయి. మనకు బొంత ఎండాకాలపు పని. పంట ఇంటికొచ్చి చేతులు ఖాళీ అవుతాయి. ఉతికినవి ఒక్క పూటలో ఎండుతాయి. అరుగు మీదో వాకిట్లోనో పరిచి, నలుగురు నాలుగు వైపులా కూర్చోవచ్చు. “వదినా, నువ్వా మూల పట్టు” అంటూ మాటల మధ్య వరసలు సాగుతాయి. ఆమొరిలో సషికో శీతాకాలపు పని. పొలాలు మంచు కింద ఉంటాయి. పొయ్యి వెలుగులో ఒక స్త్రీ తన ఒడిలో బట్ట పెట్టుకుని కుడుతుంది. వ్యవసాయం సెలవిచ్చినప్పుడే ఇద్దరూ సూది పట్టారు. మన బట్ట నేల మీద పరుచుకుంటుంది, సూది దాని మీద తిరుగుతుంది. వారి పద్ధతిలో పొడవాటి సూదిని అరచేతిలోని అంగుస్తానుకు ఆనించి, బట్టనే మడతలు మడతలుగా సూది మీదికి ఎక్కిస్తారు.

లెక్క దగ్గరికి వస్తే తేడా ఇంకా స్పష్టం. త్సుగరు స్త్రీల కోగిన్ అనే సషికో రకంలో నీలిరంగు నారబట్ట మీద తెల్లని నూలుదారం పేక వెంట నడుస్తుంది. పడుగు పోగులను ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి సంఖ్యలోనే లెక్కపెట్టి ఎత్తాలి. పొరుగున ఉన్న నాన్బు ప్రాంతపు హిషిజాషిలో సరి సంఖ్యలే. ఒక్క పోగు తేడాతో రెండు ప్రాంతాల వజ్రాకృతులు రెండు రకాలయ్యాయి. పిల్లి కన్ను, చిక్కుడు గింజ, చేప పొలుసు, పువ్వు అని ఆ నమూనాలకు పేర్లున్నాయి. ఇతర సషికోలో గీతలు ముందే గీసుకుని, అలలు, హెంప్ ఆకు, ఒకదాన్నొకటి కొరుక్కునే వలయాలు కుడతారు. కుట్టు బియ్యపు గింజంత, పైన కనిపించేది అడుగున ఉన్నదానికన్నా కొంచెం పొడవు ఉండాలన్నది నియమం.

ఇదంతా చదివి, మన ఆడవాళ్లకు ఇలాంటి గణితం లేదనుకుంటే పొరపాటు. వాకిట్లో చుక్కల ముగ్గు చూడండి. పదిహేను చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చేవరకు అనగానే ఒక తెలుగింటి ఆడపిల్లకు ఆకృతి మొత్తం కళ్లకు కడుతుంది. కోగిన్ కుట్టే స్త్రీ పోగులను ఎలా లెక్కిస్తుందో, ఈమె చుక్కలను అలాగే లెక్కిస్తుంది. తేడా ఎక్కడంటే, త్సుగరు స్త్రీ ఆ లెక్కను భుజాల మీద మోసింది, మన స్త్రీ గడప ముందు పరిచింది. మనం జ్యామితిని ముగ్గుకు అప్పగించి, సూదికి స్వేచ్ఛ ఇచ్చాం. కాబట్టి సషికో నేర్చుకోబోయే తెలుగువారు ఏమీ రానివారిగా మొదలుపెట్టడం లేదు. చుక్కల పుస్తకం తెరిచి, ఒక చిన్న ముగ్గును గళ్ల బట్ట మీదికి దించితే సగం దారి నడిచినట్టే.

కాలాన్ని దాచుకునే తీరులో కూడా ఇద్దరూ బంధువులే. బొంత చిరిగితే పారేయరు. దాని మీద ఇంకో చీర కప్పి మళ్లీ కుడతారు. అమ్మమ్మ చీర లోపలికి పోతుంది, అమ్మ చీర పైకి వస్తుంది. బోరో కూడా అంతే, అతుకు చిరిగితే దాని మీద ఇంకో అతుకు. ఆమొరిలో ‘దొంజా’ అనే రాత్రి కప్పుకునే అంగీలు తరాలుగా అతుకులు పడి మోయలేనంత బరువెక్కాయి. రెంటిలో ఏదీ ‘పూర్తయింది’ అనిపించుకోదు. అయితే బొంత తన ముసలితనాన్ని కడుపులో దాచుకుని కొత్త ముఖంతో కనిపిస్తుంది. బోరో తన వయసునంతా పైకే చూపిస్తుంది.

పసిబిడ్డ దగ్గర ఈ బంధుత్వం మరింత చిక్కబడుతుంది. మనం పుట్టిన బిడ్డను పాతచీర పొత్తిళ్లలో పెడతాం. మెత్తదనం ఒక కారణం, పెద్దల ఆయుష్షు తగలాలన్నది మరో కారణం. జపాన్‌లోనూ ఈ ఆశ ఉంది. కనజావా ప్రాంతంలో నూరిళ్ల గుడ్డముక్కలు అడిగి తెచ్చి బిడ్డకు అంగీ కుట్టేవారు. బలహీనంగా పుట్టిన బిడ్డకు నూరు కుటుంబాల బలం అందాలని. పసివాడి కిమోనో వెడల్పు ఒక్క పట్టీతో సరిపోతుంది కనుక వీపు మధ్యన కుట్టు రాదు. కుట్టు లేని వీపు నుంచి కీడు ప్రవేశిస్తుందని నమ్మి, అక్కడ రంగుదారంతో ఒక గుర్తు కుట్టేవారు. దిష్టిచుక్క పెట్టే తల్లికి ఈ నమ్మకాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. మనది కాటుక, వారిది దారం.

ఈ రెండు ఇళ్ల మధ్య నిజంగా నడిచిన దారి ఒకటి చరిత్రలో ఉంది. బౌద్ధ భిక్షువులు జనం పారేసిన గుడ్డలు ఏరి, అతికి, కాషాయంగా ధరించేవారు. అమరావతి, నాగార్జునకొండ ఆరామాలు వెలిగిన నేలకు ఆ వస్త్రం పరాయిది కాదు. బౌద్ధంతో పాటు ఆ అతుకుల వస్త్రం జపాన్ చేరింది. 756లో షోము చక్రవర్తి వస్తువులను నారాలోని తోదాయ్‌జి ఆలయానికి సమర్పించినప్పుడు రాసిన జాబితాలో అన్నిటికన్నా ముందు నిలిచినవి తొమ్మిది కాషాయాలు. రైతు స్త్రీల బోరోకు అదే మూలమని నేననను. బోరోకు మూలం చలి, కొరత. కానీ అతుకు అవమానం కాదన్న భావన రెండు దేశాల్లోనూ ఒకప్పుడు ఉందన్నది, జపాన్‌లో అది చక్రవర్తి దాకా వెళ్లిందన్నది గుర్తుంచుకోదగిన సంగతి.

ఆ తర్వాత రెండింటి జాతకాలు వేరయ్యాయి. 1891లో ఆమొరికి రైలు వచ్చింది, నూలు చవకైంది, కోగిన్ మూలబడింది. ప్రజల చేతిపనుల్లోని అందాన్ని ఎత్తిచూపిన యానగి సోయెత్సు 1932లో తన ‘కోగేయ్’ పత్రికలో కోగిన్ గురించి రాశాడు. ఆమొరి ప్రాంతంలోని హిరోసాకిలో ఆ కుట్టును తిరిగి నిలబెట్టే సంస్థ ఏర్పడింది. తనాకా చూజాబురో ఆమొరి ఊళ్లు తిరిగి పాతబట్టలు సేకరించాడు. ఆయన సేకరణను ప్రదర్శించిన అమ్యూజ్ మ్యూజియం 2009 నుంచి 2019 దాకా టోక్యోలోని అసకుసాలో నడిచింది. ఇచ్చినవాళ్లు సిగ్గుపడిన గుడ్డలు అద్దాల వెనక గౌరవంగా వేలాడాయి.

మన బొంతకు అలాంటి యానగి దొరకలేదు. గంతకు తగ్గ బొంత అన్న సామెతలో దానికి దక్కింది చిన్నచూపే. కర్ణాటక కౌది, మహారాష్ట్ర గోధడి, బెంగాల్ కాంథా దాని అక్కచెల్లెళ్లు. వాటిలో కాంథాకు పేరు వచ్చింది, బొంత ఇంట్లోనే ఉండిపోయింది. అలాగని జపాన్‌ది అంతా లాభమేననీ అనలేం. అద్దాల పెట్టెలోకి వెళ్లిన బోరో మీద ఇక ఎవరూ నిద్రపోరు. బొంత నేటికీ చాలా ఇళ్లలో ఒంటికి తగులుతూ బతుకుతోంది. గౌరవం వారికి దక్కింది, వాడుక మనకు మిగిలింది. ఆ వాడుకకు ఇప్పుడు పాలిస్టర్ చీర అడ్డొస్తోంది. అది చెమట పీల్చదు, సూది కింద జారుతుంది, ఎన్నేళ్లు కట్టినా నూలులా మెత్తబడదు.

ఇంట్లో మొదలుపెట్టేవారు రెంటి నుంచీ తీసుకోవచ్చు. జీన్సు మోకాలు చిరిగితే లోపల నూలుముక్క పెట్టి, సెంటీమీటరు గళ్లు గీసుకుని, సషికో పద్ధతిలో వరసలు నడపండి. వరస చివర దారాన్ని వేలితో సవరించి కొంచెం వదులు ఉంచండి, లేకపోతే బట్ట ముడుచుకుపోతుంది. చిరుగును దాచవద్దు, తెల్లదారంతో చూపించండి. ఈ ధైర్యం బోరో నేర్పేది. అదే నాలుగు పాత నూలుచీరలు ఉంటే గీతల జోలికి పోకుండా పసిబిడ్డ బొంతతో మొదలుపెట్టండి. మూడు నాలుగు పొరలు చాలు. ఒక్కరే కూర్చోకుండా ఇంట్లో ఇంకొకరిని పిలవండి. వరస వంగితే విప్పకండి. ఈ ఓర్పు బొంత నేర్పేది.

ఏది గొప్ప అని నన్నడిగితే నేను జవాబు చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు. కానీ ఏది ముందు నేర్చుకోవాలి అంటే నా జవాబు సిద్ధంగా ఉంది. లెక్క మీద నిలిచిన కళ తన పాఠాన్ని బట్టలోనే రాసిపెడుతుంది. ఒక పాత కోగిన్ ముక్క దొరికితే చాలు, పోగులు లెక్కపెట్టి మళ్లీ కుట్టవచ్చు. కోగిన్ తిరిగి లేచిందంటే ఈ గుణం కూడా ఒక కారణం. చేతి మీద నిలిచిన కళకు ఆ రక్ష లేదు. పొరలను ఎంత బిగువుగా లాగాలి, ఏ చీర ఎక్కడ పెట్టాలి, ముడత పడబోతోందని అరచేతికి ఎలా తెలియాలి అన్నది బొంతను విప్పి చూసినా తెలియదు. పైగా బొంత వాడకంలోనే అరిగిపోయి వెళ్లిపోతుంది. సషికో పుస్తకం వచ్చే ఏడాదీ దొరుకుతుంది. బొంత కుట్టగల పెద్దమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే, ఈ ఎండాకాలమే పాతచీరలు తీసుకుని ఆమె పక్కన కూర్చోండి.